‘ఇంట్లో చెప్పావా?’: ప్రేమలోని సందిగ్ధాన్ని అయినవాళ్ళు పెంచుతారా, తగ్గిస్తారా?

ఆమెది వరంగల్. అతనిది నాసిక్. ఉద్యోగాలు బెంగళూరులో, ఒకే కార్యాలయంలో. మూడేళ్ళ పరిచయం, రెండేళ్ళ ప్రేమ. ఒకరి జీతం, కోపం, అలవాట్లు, అప్పులు, ఆరోగ్యం మరొకరికి తెలియనివి కావు. అయినా వారి మధ్య ఒక ప్రశ్న నెలకొకసారైనా తలెత్తుతూనే ఉంటుంది: ‘ఇంట్లో చెప్పావా?’ దానికి ‘అక్క పెళ్ళి కానీ’, ‘నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు’, ‘దసరాకు వెళ్ళినప్పుడు చెబుతాను’ వంటి జవాబులు వస్తాయి. దసరా వెళ్ళిపోతుంది. సంక్రాంతి కూడా వెళ్ళిపోతుంది.

ఇది ఊహాచిత్రమే. అయితే ఇటువంటి జంట కనిపించని నగరం దేశంలో లేదనడం అతిశయోక్తి కాదు. ఇద్దరి మధ్య ప్రేమ ఉందా, లేదా అన్నది ఇక్కడ సమస్య కాదు. ఆ ప్రేమ ఏమవుతుందన్నది ఇతరుల నిర్ణయంపై ఆధారపడి ఉండటమే సమస్య. తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామలు, స్నేహితులు ఇద్దరి మధ్య బంధాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తారన్న అంశాన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు, సంభాషణ శాస్త్ర పరిశోధకులు దాదాపు అర్ధ శతాబ్దంగా అధ్యయనం చేస్తున్నారు. ఆ అధ్యయనాలలో అధిక భాగం అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల విద్యార్థులపై జరిగినవి. వాటిలో కొన్ని ఫలితాలు దక్షిణాసియాకూ వర్తిస్తాయి. కొన్ని మాత్రం ఇక్కడి గడప దగ్గరే ఆగిపోతాయి.

సందేహం దేని గురించి?

అమెరికా పరిశోధకులు చార్లెస్ బర్గర్, రిచర్డ్ కాలబ్రీస్ 1975లో ‘అనిశ్చితి తగ్గింపు సిద్ధాంతాన్ని’ ప్రతిపాదించారు. కొత్తగా పరిచయమైన ఇద్దరు వ్యక్తులు ఒకరి ప్రవర్తనను మరొకరు ముందుగా ఊహించగలిగే స్థితికి చేరుకోవాలని ప్రయత్నిస్తారనీ, వారి తొలి సంభాషణలు ఆ ప్రయత్నంలో భాగమేననీ దాని సారాంశం. పరిచయం పెరిగినకొద్దీ సందేహాలు వాటంతట అవే తీరిపోతాయన్న భావన దీని నుంచి కొంతకాలం ప్రచారంలో ఉంది. అది నిలవలేదు. ఏళ్ళ తరబడి కలిసి ఉన్నవారిలోనూ సందేహాలు కొత్తగా పుడతాయని తరువాతి పరిశోధనలు చూపాయి.

లియాన్ నాబ్లాక్, డెనీస్ సాలమన్ 1999లో ఈ సందేహాలకు మూడు మూలాలను గుర్తించారు. ‘ఈ బంధం నాకు ఎంత ముఖ్యం?’ అన్నది తన గురించి తనకే ఉన్న సందేహం. ‘అవతలి వ్యక్తి మనసులో ఏముంది?’ అన్నది రెండోది. ‘ఈ బంధం ఏమిటి, ఇది ఎటు వెళ్తుంది?’ అన్నది మూడోది. మొదటి రెండూ తీరితే మూడోది కూడా తీరినట్లే అనిపిస్తుంది కానీ, అది నిజం కాదు. బెంగళూరు జంటకు తమ మనసుల గురించి సందేహం లేదు. వారి సందేహమంతా మూడో ప్రశ్న చుట్టూ తిరుగుతోంది.

ఈ విభజన పుస్తకాలకే పరిమితమైనది కాదు. ఆమె ‘ఇంట్లో చెప్పావా?’ అని అడిగినప్పుడు బంధం భవిష్యత్తు గురించి అడుగుతోంది. అతను దానిని ‘నీ మనసులో ఏముంది?’ అన్న ప్రశ్నగా విని, ‘నన్ను నమ్మవా?’ అని నొచ్చుకుంటాడు. ఆ క్షణం నుంచి ఇద్దరూ వేర్వేరు విషయాల గురించి వాదించుకుంటారు. చాలా గొడవలు ఇలాగే మొదలై, ఎందుకు మొదలయ్యాయో తెలియకుండానే ముగుస్తాయి.

అడగకుండానే తెలుసుకునే ప్రయత్నం

నేరుగా అడిగితే తేలిపోయే విషయాన్ని మనుషులు అరుదుగా నేరుగా అడుగుతారు. లెస్లీ బాక్స్టర్, విలియం విల్మాట్ 1985లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సన్నిహిత బంధాలలో ఎక్కువమంది దాటవేసే అంశం ఆ బంధం ప్రస్తుత స్థితేనని తేలింది. పాత ప్రేమల గురించి మాట్లాడటం కంటే కూడా ‘మనం ఎక్కడున్నాం?’ అని మాట్లాడటమే వారికి కష్టమనిపించింది.

అంతకు ముందు ఏడాది ఆ ఇద్దరే ‘రహస్య పరీక్షలు’ అన్న పేరుతో మరో అధ్యయనం వెలువరించారు. అవతలి వ్యక్తికి తెలియకుండా బంధాన్ని పరీక్షించే మార్గాలను అందులో వర్గీకరించారు. వాటిలో కొన్నింటికి మూడో మనిషి అవసరం. ఆమె మనసులో ఏముందో ఆమె స్నేహితురాలి ద్వారా ఆరా తీయడం ఒకటి. పదిమందిలో ‘మా ఆవిడ కాబోయే ఆమె’ అని హఠాత్తుగా పరిచయం చేసి, ఆమె ముఖంలో కనిపించే భావాన్ని గమనించడం మరొకటి. కొంతకాలం దూరంగా ఉండి, ప్రేమ నిలుస్తుందో లేదో చూడటం ఇంకొకటి.

ఈ చివరి పరీక్ష తెలుగు ప్రేక్షకులకు కొత్తది కాదు. కె. బాలచందర్ దర్శకత్వంలో 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’లో, విశాఖపట్నంలోని తమిళ యువకుడికీ తెలుగు యువతికీ పెద్దలు విధించే షరతు ఇదే: ఒక సంవత్సరం పాటు ఒకరినొకరు కలుసుకోకూడదు, ఆ తరువాత కూడా మనసు మారకపోతే పెళ్ళి. బాక్స్టర్, విల్మాట్ వర్ణించిన పరీక్షను ప్రేమికులు తమకు తాము పెట్టుకుంటారు. ఆ చిత్రంలో దానిని పెట్టినవారు తల్లిదండ్రులు. ఈ తేడా చిన్నది కాదు. భారతీయ జంటల అనుభవాన్ని పాశ్చాత్య సిద్ధాంతాలతో కొలిచేటప్పుడు ఎక్కువగా జారిపోయేది ఇదే.

నలుగురికీ తెలిసిన బంధం

స్నేహితులకూ కుటుంబానికీ తెలిసిన బంధంలో సందేహం తగ్గుతుందన్న విషయాన్ని మాల్కమ్ పార్క్స్, మారా అడెల్మన్ 1983లోనే ప్రతిపాదించారు. ప్రేమలో ఉన్న విద్యార్థులను వారు కొంతకాలం పాటు పరిశీలించారు. అవతలి వ్యక్తి స్నేహితులతో, కుటుంబ సభ్యులతో తరచుగా మాట్లాడేవారికీ, తమవారి మద్దతు ఉందని భావించేవారికీ తమ బంధంపై సందేహం తక్కువగా ఉంది. వారు విడిపోయే అవకాశం కూడా తక్కువగానే ఉంది.

దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. ఒక వ్యక్తి ప్రేమికురాలి ఎదుట చూపే ముఖం ఒకటి. చిన్ననాటి స్నేహితుల మధ్య, తల్లి ఎదుట, తమ్ముడితో డబ్బు విషయం మాట్లాడేటప్పుడు కనిపించే ముఖం మరొకటి. ఆ రెండో ముఖాన్ని చూసే అవకాశం దొరికినవారికి అంచనా వేయడం సులభమవుతుంది. ఇంతకంటే లోతైన కారణం కూడా ఒకటి ఉంది. స్నేహితులు ఇద్దరినీ కలిపి భోజనానికి పిలవడం, ఒకరు కనిపించకపోతే రెండోవారి గురించి అడగడం, శుభలేఖ మీద ఇద్దరి పేర్లూ రాయడం వంటి చిన్న చిన్న పనులు ఆ జంటను జంటగా గుర్తిస్తాయి. ‘మనం ఎవరం?’ అన్న ప్రశ్నకు జవాబు ఇద్దరే చెప్పుకోవలసిన అవసరం తగ్గుతుంది. చుట్టూ ఉన్నవారు ఆ జవాబును రోజూ తమ నోటితో పలుకుతూ ఉంటారు.

రహస్యంగా సాగే బంధానికి ఈ ఆసరా ఉండదు. జస్టిన్ లేమిల్లర్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తమ ప్రేమను దాచుకోవలసి వస్తున్నవారిలో బంధం పట్ల నిబద్ధత తక్కువగా కనిపించింది. వారి ఆరోగ్యంపై కూడా దాని ఛాయలు కనిపించాయి. దాచడం అంటే ఒక మాట చెప్పకపోవడం మాత్రమే కాదు. ఫోన్ తెరను బోర్లా పెట్టడం, సెలవు రోజున విడివిడిగా ఊరికి వెళ్ళడం, ఆసుపత్రిలో చేరితే చూడటానికి వెళ్ళాలా వద్దా అని ఆలోచించవలసి రావడం కూడా దాచడమే.

ఇటువంటి పరిస్థితిలో స్నేహితుల పాత్ర పెద్దదవుతుంది. వారే కబురు చేరవేస్తారు, వారే సాకు చెబుతారు, గొడవ పడితే రాజీ చేస్తారు. ఇంటివారు వహించవలసిన బాధ్యతలన్నీ పాతికేళ్ళ వయసున్న ఇద్దరు ముగ్గురి మీద పడతాయి. వారికి తెలిసిన ప్రపంచం కూడా అంతే ఉంటుంది. అందువల్ల వారి నోటి నుంచి జారిన ‘వాళ్ళింట్లో ఒప్పుకోరట’ అన్న ఒక్క మాట ఎంత బరువును మోస్తుందో వారికి తెలియకపోవచ్చు.

బయటివారి చూపు ఎంత సరైనది?

ప్రేమలో ఉన్నవారికి కనిపించనిది పక్కవారికి కనిపిస్తుందన్న నమ్మకం అన్ని సమాజాలలోనూ ఉంది. టారా మెక్‌డొనాల్డ్, మైఖేల్ రాస్ 1999లో దీనిని పరీక్షించారు. ప్రేమలో ఉన్న విద్యార్థులను, వారి తల్లిదండ్రులను, వారితో ఒకే గదిలో ఉండేవారిని ‘ఈ బంధం ఎంతకాలం నిలుస్తుంది?’ అని విడివిడిగా అడిగారు. విద్యార్థుల అంచనాలు అందరికంటే ఆశాజనకంగా ఉన్నాయి. వారి ధీమా కూడా ఎక్కువే. కానీ తల్లిదండ్రుల అంచనాలు, గదిలో తోడుగా ఉన్నవారి అంచనాలు వాస్తవానికి ఎక్కువ దగ్గరగా వచ్చాయి.

ఈ ఫలితాన్ని పెద్దల వివేకానికి కిరీటంగా పెట్టే ముందు అదే అధ్యయనంలోని మరో అంశాన్ని చూడాలి. విద్యార్థులు తమ బంధం నాణ్యత గురించి ఇచ్చిన వివరాలు, ఆ బంధం నిలుస్తుందో లేదో సూచించగలిగాయి. అంటే సమాచారం వారి దగ్గరే ఉంది. తీరా అంచనా వేయవలసి వచ్చినప్పుడు దానిని పక్కన పెట్టారు. బయటివారు ఎక్కువ తెలిసినవారు కారు. వారు ఆశతో చూడలేదు, అంతే. రెండేళ్ళ తరువాత క్రిస్టఫర్ ఆగ్న్యూ, మరి ఇద్దరు పరిశోధకులు జరిపిన అధ్యయనంలో, యువతి స్నేహితులు ఆ బంధం గురించి ఏమనుకుంటున్నారన్నది దాని భవిష్యత్తును ప్రత్యేకంగా సూచించినట్లు తేలింది. ఆమె తన బంధం గురించి స్నేహితులతో ఎక్కువగా చెప్పుకుని ఉంటుందన్నది దీనికి సహజంగా తోచే వివరణ.

వద్దంటే ప్రేమ పెరుగుతుందా?

పెద్దలు వద్దన్నకొద్దీ ప్రేమ గట్టిపడుతుందన్నది సినిమాలకు ఎంతో ఇష్టమైన సూత్రం. దీనికి శాస్త్రీయమైన పేరు కూడా ఉంది. రిచర్డ్ డ్రిస్కల్, కీత్ డేవిస్, మిల్టన్ లిపెట్జ్ 1972లో 140 జంటలపై జరిపిన అధ్యయనంలో, తల్లిదండ్రుల జోక్యం పెరిగిన సందర్భాలలో ప్రేమ కూడా పెరిగినట్లు కనిపించింది. షేక్‌స్పియర్ నాటకంలోని జంట పేరు మీద దానికి ‘రోమియో జూలియట్ ప్రభావం’ అని పేరు పెట్టారు. పేరు ఎంత బాగా అతికిందంటే, ఆ పరిశోధనలోని రెండో సగం ఎవరికీ గుర్తులేకుండా పోయింది. జోక్యం పెరిగినకొద్దీ ఆ జంటలలో పరస్పర విశ్వాసం తగ్గిందనీ, ఒకరినొకరు తప్పుపట్టుకోవడం పెరిగిందనీ కూడా అదే పత్రంలో ఉంది.

నలభై ఏళ్ళ తరువాత, 2014లో కొలీన్ సింక్లెయిర్, ఆమె సహ పరిశోధకులు అదే విషయాన్ని తిరిగి పరీక్షించారు. ప్రేమ పెరిగిన జాడ కనిపించలేదు. అయినవాళ్ళ అసమ్మతి ఎక్కువగా ఉన్నచోట ప్రేమ, విశ్వాసం, నిబద్ధత అన్నీ తక్కువగానే ఉన్నాయి. సుసాన్ స్ప్రెచర్, డయాన్ ఫెల్మ్లీ 1992లో వెలువరించిన దీర్ఘకాలిక అధ్యయనం కూడా ఇదే దిశను సూచించింది. మద్దతు ఉన్న బంధాలే ఎక్కువగా నిలిచాయి.

ప్రేమికులు మొండిపట్టు పట్టడం అబద్ధమని దీని అర్థం కాదు. పట్టుదల పెరగవచ్చు. కానీ పట్టుదల వేరు, నిశ్చింత వేరు. ఇద్దరూ కలిసి బయటి ఒత్తిడిని ఎదుర్కొంటున్న కాలంలో తమలో తాము పరిష్కరించుకోవలసిన విషయాలు వాయిదా పడతాయి. ‘ఇంత జరిగాక ఇప్పుడు ఈ మాటా?’ అన్న సంకోచం వాటిని నోటి దాకా రానివ్వదు.

అభిప్రాయం కాదు, అనుమతి

పై అధ్యయనాలన్నింటిలో తల్లిదండ్రుల మాట ఒక అభిప్రాయం. దానిని వినవచ్చు, పక్కన పెట్టవచ్చు. భారతదేశంలో అదే మాట చాలా ఇళ్ళలో అనుమతి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం, జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి సంయుక్తంగా 2011-12లో నిర్వహించిన భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన మహిళలు దాదాపు 5 శాతం మాత్రమే. ప్యూ పరిశోధన కేంద్రం దాదాపు 30 వేల మందిని ప్రశ్నించి 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, తమ సమాజంలోని స్త్రీలు వేరే కులంవారిని పెళ్ళి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం మంది భారతీయులు అభిప్రాయపడ్డారు. పురుషుల విషయంలో అదే మాట అన్నవారు 62 శాతం.

ఈ స్థితిని భాష కూడా పట్టుకుంది. ‘ఇంట్లో ఒప్పుకోలేదు’ అన్న తెలుగు వాక్యంలో కర్త లేదు. ఒప్పుకోనిది తండ్రా, నాయనమ్మా, పెదనాన్నా అన్నది ఆ వాక్యం చెప్పదు. స్థలాన్ని సూచించే మాటే మనుషులందరి బదులు నిలబడుతుంది. హిందీలో ‘ఘర్ మే బాత్ కీ?’ అని, తమిళంలో ‘వీట్ల సొల్లియాచ్చా?’ అని అడిగినా ఇంతే. ఇక ఇంటి వెలుపల ఉన్న సమాజానికి తెలుగులో ‘నలుగురు’ అని పేరు. హిందీలో ‘చార్ లోగ్’, తమిళంలో ‘నాలు పేరు’. మూడు భాషలకూ ఆ లెక్క నాలుగే ఎందుకైందో గానీ, పేరు లేని ఆ నలుగురితో వాదించడం ఎవరికీ సాధ్యం కాదు. ‘సంబంధం’ అన్న మాట సంగతి మరీ విచిత్రం. పెద్దలు చూసేది సంబంధం. ఇద్దరు తమంతట తాము ఏర్పరచుకున్నది మాత్రం ‘వ్యవహారం’.

ఈ నేపథ్యంలో అయినవాళ్ళ అభ్యంతరాలన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ‘అతను నీ ఫోన్ ఎందుకు తనిఖీ చేస్తున్నాడు?’ అని స్నేహితురాలు అడిగితే, అది ఆ వ్యక్తి గురించిన సమాచారం. ‘పాత అప్పుల సంగతి నీకు చెప్పాడా?’ అని అన్న అడిగినా అంతే. ఇటువంటి అభ్యంతరం పుట్టించే సందేహానికి ప్రయోజనం ఉంది. ప్రేమలో ఉన్నవారు పక్కన పెట్టిన వివరాలను అది తిరిగి ముందుకు తెస్తుంది. మెక్‌డొనాల్డ్, రాస్ అధ్యయనంలోని బయటివారి చూపు విలువ ఇదే.

‘వాళ్ళది మన కులం కాదు’ అన్న అభ్యంతరంలో ఆ వ్యక్తి గురించి ఒక్క ముక్క కూడా లేదు. అతను నిజాయితీపరుడా, కోపిష్ఠా, తాగుతాడా అన్నది దాని నుంచి తెలియదు. దాని నుంచి తెలిసేది, ఈ పెళ్ళి జరిగితే ఏమేమి పోతాయో మాత్రమే: రాకపోకలు, ఆస్తి, చెల్లెలి పెళ్ళి, కొన్ని సందర్భాలలో ప్రాణం. ఇటువంటి అభ్యంతరం కూడా సందేహాన్ని పుట్టిస్తుంది. అయితే అది ‘నువ్వు ఎలాంటివాడివి?’ అన్న సందేహం కాదు. ‘ఆ రోజు వస్తే నువ్వు నిలబడతావా?’ అన్న సందేహం. ఆ రోజు వచ్చేదాకా దానికి సమాధానం దొరకదు. ఎన్నేళ్ళ పరిచయమైనా, ఎంత మనసు విప్పి మాట్లాడుకున్నా తీరని సందేహం ఇదొక్కటే. బెంగళూరు జంటను వేధిస్తున్నదీ ఇదే.

చిక్కు ఏమిటంటే, ఇళ్ళలో ఈ రెండు రకాల అభ్యంతరాలూ విడివిడిగా రావు. కులాన్ని బాహాటంగా ప్రస్తావించడానికి ఇష్టపడని కుటుంబాలు ఉద్యోగాన్ని, వయసును, జాతకాన్ని, ‘ఆ అబ్బాయి చూపు బాగాలేదు’ అన్న మాటను ముందుకు తెస్తాయి. దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతుంది. నిజంగా చెప్పవలసిన హెచ్చరిక కూడా సాకుగా కనిపించి పక్కకు పోతుంది. సాకుగా చెప్పిన మాట కొన్నిసార్లు నిజమైన సందేహంగా మనసులో నాటుకుంటుంది.

గొడవ వచ్చిన రోజు ఎవరి గడప?

అయినవాళ్ళ ప్రభావం పెళ్ళితో ముగిసిపోదు. ఢిల్లీలోని పేద బస్తీలో సుదీర్ఘకాలం పరిశోధించిన శాలినీ గ్రోవర్ 2011లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరంగా చర్చించారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో కష్టం వస్తే స్త్రీ పుట్టింటికి వెళ్ళి ఉండే అవకాశం ఉంటుంది. పుట్టింటివారు ఆమె తరఫున మాట్లాడతారు, అల్లుడిని నిలదీస్తారు. తానే ఎంచుకుని పెళ్ళి చేసుకున్న స్త్రీకి ఆ ఆసరా చాలావరకు దక్కదు. ‘నువ్వు ఏరికోరి చేసుకున్నావు కదా’ అన్న మాట ఎదురవుతుంది. తల్లిదండ్రుల సమ్మతి కోసం యువతులు అంతగా ఎందుకు తపిస్తారన్న ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు ఉంది. దానిని పిరికితనమనో, పాతకాలపు భక్తి అనో కొట్టిపారేయడం తేలిక. నిజానికి అది పుట్టింటి తలుపు మూసుకుపోకుండా చూసుకునే జాగ్రత్త.

నేపాల్‌లోని ఒక మగర్ గ్రామంలో ప్రేమలేఖలను అధ్యయనం చేసిన మానవ శాస్త్రవేత్త లారా అహర్న్ కూడా 2001 నాటి తన గ్రంథంలో ఇటువంటి పరిస్థితినే నమోదు చేశారు. అక్షరాస్యత పెరగడంతో యువతీయువకులు ఉత్తరాల ద్వారా ఒకరినొకరు ఎంచుకోవడం మొదలుపెట్టారు. కానీ వెళ్ళిపోయి పెళ్ళి చేసుకున్న యువతికి, కాపురంలో ఇబ్బంది వస్తే పుట్టింటి అండ కోరే హక్కు బలహీనపడింది.

తెలుగు ప్రాంతాలలో మేనరికానికి ఇప్పటికీ కొంత ఆదరణ ఉండటాన్ని ఈ కోణం నుంచి కూడా చూడవచ్చు. జన్యుపరమైన ఇబ్బందుల గురించి వైద్యులు చేసే హెచ్చరికలు నిజమైనవే. అయినా బావ, మరదలు అన్న వరసలో కొత్త మనిషి ఉండరు. అత్త పుట్టినప్పటి నుంచీ తెలిసిన మేనత్తే. గొడవ వస్తే ఎవరి గడప తొక్కాలన్న ప్రశ్నే తలెత్తదు, రెండు గడపలూ ఒకే ఇంటివి. అయితే ఆ నిశ్చింతకు మరో వైపు కూడా ఉంది. అత్తింటివారి మీద ఫిర్యాదు చేయవలసి వస్తే అది తండ్రి సొంత చెల్లెలి మీద చేసినట్లవుతుంది.

30 రోజులు, ముగ్గురు సాక్షులు

పెద్దల అసమ్మతికి హద్దు ఎక్కడో న్యాయస్థానాలు చెప్పాయి. 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వయోజనులు తమకు నచ్చినవారిని పెళ్ళి చేసుకోవచ్చని స్పష్టం చేసింది. అది ఇష్టం లేని తల్లిదండ్రులు మహా అయితే ఆ బిడ్డతో రాకపోకలు మానుకోవచ్చు తప్ప బెదిరించడానికి, హింసించడానికి, వేధించడానికి వీల్లేదని పేర్కొంది. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో ఇద్దరు వయోజనుల పెళ్ళికి కుటుంబం, సమాజం, వంశం సమ్మతి అవసరం లేదని ప్రకటించింది. బెదిరింపులు ఎదుర్కొంటున్న జంటల కోసం జిల్లాలలో ప్రత్యేక విభాగాలు, సురక్షిత నివాసాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు మార్గదర్శకాలు జారీ చేసింది.

రాకపోకలు మానుకోవడం నేరం కాదు, నిజమే. కానీ గ్రోవర్ వర్ణించిన బస్తీలో ఒక స్త్రీకి అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది అదే కావచ్చు. దానిని ఏ న్యాయస్థానమూ సరిచేయలేదు.

చట్టం కూడా కొంత అనిశ్చితిని తన చేతులతోనే సృష్టిస్తోంది. వేర్వేరు మతాలకు చెందినవారు మతం మారకుండా పెళ్ళి చేసుకోవడానికి వీలు కల్పించేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని ప్రకారం వివాహాధికారికి ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించే చోట ఉంచుతారు. జంటలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరే జిల్లాలో ఉంటే అక్కడి అధికారికి కూడా దాని ప్రతి వెళ్తుంది. 30 రోజుల పాటు ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. చట్టం గుర్తించే అభ్యంతరాలు కొన్నే: ఇదివరకే పెళ్ళయి ఉండటం, వయసు చాలకపోవడం, మానసికంగా సమ్మతి ఇవ్వలేని స్థితి, నిషిద్ధ బంధుత్వం. కులం, మతం, ఇంటివారి అయిష్టం వాటిలో లేవు. అయినా ఆ కాగితం గోడకెక్కిన క్షణం నుంచి ‘ఇంట్లో చెప్పావా?’ అన్న ప్రశ్న జంట చేతిలో ఉండదు. ఢిల్లీలో ఇటువంటి వివాహాలను అధ్యయనం చేసిన పెర్వీజ్ మోడీ 2008 నాటి తన గ్రంథంలో ఈ నోటీసు వ్యవధి జంటలను ఎంతటి భయానికి గురిచేస్తుందో చిత్రించారు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, నోటీసు ప్రచురణ జంట కోరితేనే జరగాలని తీర్పు ఇచ్చింది.

గడువు ముగిసి, అభ్యంతరం నిలవకపోతే, వివాహాధికారి ఎదుట జంటతో పాటు ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. వారు తల్లిదండ్రులే కావాలని చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చెప్పకుండా, లేదా చెప్పి ఒప్పించలేక వచ్చిన జంట వెంట ఆ గదిలోకి వచ్చేవారు సాధారణంగా స్నేహితులే. ఒకరు సెలవు పెట్టి వస్తారు, మరొకరు గుర్తింపు కార్డు మరిచిపోయి గదికి పరుగెత్తుతారు. మూడో సాక్షి దొరకక, ఆ ఉదయం ఎవరికి ఫోన్ చేయాలా అని తడుముకునే జంటలూ ఉంటాయి.